లైబ్రరీ చెప్పిన శనివారం

మా అత్తమ్మ చెప్పే ప్రకారం, పోయిన వానాకాలమంతా నేను రోజూ మధ్యాహ్నం లైబ్రరీకి పోయాను. జడ్చర్ల లైబ్రరీ గడప నేను ఇప్పటిదాకా తొక్కలేదు. ఈ రెండూ నిజమే. అదెలాగో పాప లేచేలోపు రాసేయాలి. మధ్యలో ఎక్కడైనా మాట తెగినట్టు అనిపిస్తే, ఉయ్యాల దగ్గరికి పోయి పాప ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చానని అర్థం. నడక నేర్చిన పిల్లకు ఇంకా ఊపిరి చూడటమేమిటని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆయన ఊపిరి చూడనవసరం లేదు, గురక వినిపిస్తూనే ఉంటుంది.

బస్టాండుకు ఎదురుగా, బట్టల దుకాణం పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికలు, టైపింగు, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు కోర్సులు. దాని యజమానిని ఊరంతా భాయ్ అనే పిలుస్తారు. పెళ్లికి ముందు నేను మహబూబ్‌నగర్‌లో లెక్కలూ కంప్యూటరూ కలిపి డిగ్రీ చదివానని ఆయనకు ఎవరో చెప్పారట. ఒక పని వచ్చింది, చేస్తావా అని ఇంటికి కబురు పెట్టాడు.

పని గొర్రెల పెంపకందార్ల సంఘానిది. ఉరుములు ఉరిమిన ఒక సాయంత్రం వాళ్ల కంప్యూటర్ కాలిపోయింది. మిగిలినవి వక్కపొడి డబ్బాలో దాచిన ఫ్లాపీలు మాత్రమే. వాటిలో ఏ ఊరి గొర్రెలకు ఎప్పుడు టీకాలు వేశారో, మళ్లీ ఎప్పుడు వేయాలో రాసిన స్ప్రెడ్‌షీట్ ఫైళ్లున్నాయి. అంటే గళ్లుగళ్లుగా ఉండే పెద్ద పట్టికలు. ఆ పట్టికలు తయారుచేసిన ప్రోగ్రాము కాలిన మిషనుతోనే పోయింది. మా సెంటర్లో ఉన్న ప్రోగ్రామేమో ఈ ఫైళ్ల మొఖం ఎప్పుడూ చూడనట్టు తల అడ్డంగా ఊపింది. ఎలాగైనా లోపలున్నది బయటికి తీసి, దసరాలోగా ఊరికొక కాగితం చొప్పున ప్రింటు ఇవ్వాలి.

అత్తమ్మ ఒప్పుకుంది, కానీ షరతు మీద.

"గీ ఒక్క పని చూస్త. మంచిగైతే రోజూ పో, పిల్లను నేను పట్టుకుంట. ఖరాబైందనుకో, పిల్ల బడికి పోయేదాంక ఇంట్లనే ఉండాలె. మళ్ల నన్ను అడగద్దు."

"సరే అత్తమ్మా."

"సరే గాదు. ఇంటున్నవా? మళ్ల అడగద్దు."

భాయ్ కూడా దాదాపు అదే మాట అన్నాడు. "గిది సక్కగైతే నీకు పక్కా నౌకరి, చెల్లె. కాకపోతే నాకు పెళ్లి పత్రికలే దిక్కు, నీకు పిల్ల లాలలే దిక్కు."

పాప అప్పటికి బోర్లా పడుతోంది అంతే. నాకు ఇంట్లో ఉంటే తోచేది కాదు. బయటికి పోతే భయం ఆగేది కాదు. మెట్లెక్కుతూ పాల గిన్నె మీద మూత పెట్టానా అనుకునేదాన్ని. సెంటర్లో కూర్చున్నాక పాప బొంత మొఖం మీదికి లాక్కుందేమో అనుకునేదాన్ని. ఇంటికొచ్చాక, తెరిచిన ఫైలు మూశానా అనుకునేదాన్ని.

మొదటిరోజు, ఫైలులో ఏముందో చూద్దామని దాన్ని ఉన్నదున్నట్టు తెర మీద పరిచాను. నవ్వే మొఖాలు, పేకముక్కల మీద ఉండే గుండెకాయలు, కళావరు గుర్తులు, వంకర గీతలు తెరంతా నిండిపోయాయి. మధ్యమధ్య మిషను కుయ్ కుయ్ మని అరిచింది.

భాయ్ టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. "గిది గొర్ల ఫైలా, పేకాట క్లబ్బా?"

"బైనరీ ఫైలు భాయ్. మనం చదవడానికి రాసింది కాదు. మిషను తనకోసం తాను రాసుకుంది."

"మరి గది నవ్వుతున్నదెందుకు?"

"మనల్ని చూసే."

ఇటువంటి ఫైలును చదవడానికి ఒక లైబ్రరీ కావాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ల భాషలో లైబ్రరీ అంటే పుస్తకాల బీరువాలు కావు. ఆ ఫైళ్ల గుట్టు తెలిసినవాళ్లెవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కల మూట. ఫైలు తెరువు, తరువాతి వరుసకు పో, ఈ గడిలో ఏముందో చెప్పు అని మనం అడుగుతాం. అది లోపలికి పోయి, చదివి వచ్చి చెబుతుంది. మా మామగారి ఇంట్లో తాతలనాటి పొలం కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. ఇంట్లో ఒక్కరికీ ఆ అక్షరాలు రావు. ఏ అవసరం వచ్చినా భాయ్ వాళ్ల అబ్బా, అంటే నాన్న దగ్గరికి తీసుకుపోయేవారట, ఆయన చదివి తెలుగులో చెప్పేవాడట. లైబ్రరీ చేసేది కూడా అదే పని.

భాయ్ హైదరాబాద్ పోయి తెలిసినవాళ్ల దగ్గర ఆ లైబ్రరీని ఒక ఫ్లాపీలో ఎక్కించుకొచ్చాడు. ఆ సాయంత్రం అత్తమ్మ పాపకు నూనె రాస్తూ అడిగింది.

"ఏమాయె నీ పని?"

"లైబ్రరీ లేకపోతే కాదత్తమ్మా. రేపటినుంచి లైబ్రరీతోనే చదవాలి."

నేను చెప్పింది ఇది. ఆమె విన్నది వేరు. మా వాడలో లైబ్రరీకి పోయేవాళ్లంటే గొప్ప. డిగ్రీ అయిన పిల్లలు పొద్దంతా అక్కడ కూర్చొని పోటీపరీక్షలకు చదువుతారు. ఏడాదికో రెండేళ్లకో ఒకడికి సర్కారు నౌకరి వస్తుంది, వాడి పేరు చెప్పుకొని మిగతావాళ్లు మరో పదేళ్లు చదువుతారు. మర్నాడు పొద్దున వాకిట్లో అత్తమ్మ పక్కింటామెతో అంటోంది.

"మా కోడలు లైబ్రరీకి పోతాంది. చదువుకుంటాంది."

"ఏ నౌకరికి?"

"ఏదోటి. పెద్దదే అయి ఉంటది. లేకుంటే చంటిపిల్లను ఇడిసిపెట్టి పోతదా?"

నేను ఆ మాట సరిదిద్దాలి. సరిదిద్దడానికి నోరు కూడా తెరిచాను. అంతలో పక్కింటామె నా వైపు తిరిగి ఎప్పుడూ లేనిది "బువ్వ తిన్నవా బిడ్డా?" అంది. నోరు మూసుకున్నాను.

లైబ్రరీ బుద్ధిగానే పనిచేసింది. ఊళ్ల పేర్లు వచ్చాయి, కాపర్ల పేర్లు వచ్చాయి. టీకా గడుల్లో మాత్రం ముప్పై ఐదు వేల చిల్లర, ముప్పై ఆరు వేలు అంటూ పెద్దపెద్ద అంకెలు వచ్చాయి. గొర్రెల సంఖ్య కాబోలనుకున్నాను. సంఘం పెద్దమనిషి పని చూసుకోవడానికి వస్తే, మీ ఊళ్లో ఇన్ని గొర్రెలున్నాయా అని అమాయకంగా అడిగాను.

ఆయన తలపాగా సర్దుకున్నాడు. "మా ఒక్క ఊర్ల ముప్పై ఆరు వేల గొర్లా? గన్నుంటే నేను నీ దగ్గరికెందుకొస్తనమ్మా? నువ్వే నా దగ్గరికి రావాలె, అపాయింట్‌మెంటు తీస్కొని!"

ఆయన మెట్లు దిగేదాకా భాయ్ నవ్వు ఆపుకున్నాడు, అది కూడా కష్టం మీద.

తరువాత అర్థమైంది. స్ప్రెడ్‌షీటు తేదీని తేదీగా దాచుకోదు. పందొమ్మిది వందల సంవత్సరం జనవరి ఒకటిని ఒకటో రోజు అనుకొని, అక్కడినుంచి ఎన్నో రోజో లెక్కపెట్టి ఆ అంకె దాచుకుంటుంది. సరే, దాన్ని మళ్లీ తేదీగా మార్చే లెక్క నేనే రాశాను. లీపు సంవత్సరాలన్నీ చూసుకున్నాను. నాలుగుతో భాగించబడినా పందొమ్మిది వందలు లీపు సంవత్సరం కాదు, నూరుతో కూడా భాగించబడుతుంది, నాలుగు వందలతో భాగించబడదు కనుక. ఈ సంగతి చాలామందికి తెలియదు. నాకు తెలుసు. ఆ సంతోషంలో ఆ పూట టీతో పాటు సమోసా కూడా తిన్నాను.

ఊరూరి కాగితాలు తయారయ్యాయి. మర్నాడు సాయంత్రం సంఘం పెద్దమనిషి వచ్చి తీసుకుపోతాడు. ఒకసారి సరిచూద్దామని ఒక కట్ట ఇంటికి తెచ్చుకున్నాను. పాపకు జోల పాడుతూనే అత్తమ్మ ఆ కట్ట వైపు చూసింది.

"మా తల్లిగారి ఊరున్నదా అండ్ల?"

కల్వకుర్తి దగ్గరి ఊరు ఆమెది. కాగితం వెతికి చదివాను. ఆ ఊరికి వెనకసారి టీకాలు వేసిన తేదీ చూడగానే నాకే చిత్రమనిపించింది. "అత్తమ్మా, మన పాప పుట్టిన తెల్లారే మీ ఊళ్లో సూదులు వేశారు."

జోల ఆగిపోయింది. "తెల్లారా?"

"శుక్రవారం కదా పాప పుట్టింది. ఇక్కడ శనివారం అనుంది."

"అంటే శుక్కురారం మా తమ్ముడు కాళీగనే ఉన్నడు!"

అత్తమ్మకు ఒక్కడే తమ్ముడు, నాకు వరసకు చిన్న మామ. నేను పురిటికి మహబూబ్‌నగర్‌లో మా పుట్టింట ఉన్నాను. నొప్పులు మొదలైన రోజు దవాఖానకు రమ్మని ఆయనకు కబురు పోయింది. గొర్రెలకు సూదులున్నాయని ఆ రోజు ఆయన రాలేదు. మనుమరాలు పుడుతుంటే గొర్రెలు ఎక్కువయ్యాయా అని అత్తమ్మ అప్పుడు నెల రోజులు మూతి ముడిచింది. మెల్లమెల్లగా మరిచిపోయింది కూడా. ఇప్పుడు నేను కాగితం తీసి గుర్తుచేశాను.

"అబద్ధమాడిండు సూశినవా! సూదులు శనారమైతే శుక్కురారం ఎందుకు రాలే?"

"పోనీ అత్తమ్మా, ఎప్పటి మాటో..."

"గా కాగితం తప్పా?"

ఇక్కడ నేను మాట్లాడకుండా ఉండాల్సింది. పని ఖరాబైందంటే పిల్ల బడికి పోయేదాకా ఇంట్లోనే అన్న షరతు కళ్ల ముందు నిలిచింది. "తప్పెలా అవుతుంది? లైబ్రరీ చదివి చెప్పింది" అన్నాను.

"లైబ్రరీ చెప్పిందంటే ఇంకేముంది" అంది అత్తమ్మ, పళ్లు కొరుకుతూ.

మర్నాడు పొద్దున చలిగాలి కొట్టింది. పాప చెవుల్లోకి గాలి పోతుందని భయమేసి టోపీ కోసం ట్రంకుపెట్టె తీశాను. అడుగున పురిటినాటి తెల్ల టోపీ దొరికింది. దాని మీద ఎర్రటి బొటనవేలి ముద్ర ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. జాజు మరక అది, వాకిళ్లకూ గోడలకూ పూసే ఎర్రమట్టి. సూది వేసిన గొర్రెకు మళ్లీ వేయకుండా వీపు మీద జాజుతో గుర్తు పెడతారు. చిన్న మామ, అత్తమ్మ లేని వేళ, పాపను చూడటానికి దవాఖానకు వచ్చినప్పుడు ఆ ఎర్ర చేతులతోనే తల నిమిరాడు. ఆ చేతుల్ని చూసి పాపకు ఏ రోగం అంటుకుంటుందో అని నేను హడలిపోయాను కనుక, ఆ రోజు నాకు బాగా గుర్తుంది. పాప పుట్టిన తెల్లారి. పొద్దున్నే. నిన్నంతా గొర్రెలు పట్టుకొని నడుము పడిపోయింది అన్నాడు.

శనివారం పొద్దున మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్న మనిషి అదే పొద్దున కల్వకుర్తి దగ్గర గొర్రెలకు సూదులు ఎలా వేయిస్తాడు? ఆయన అబద్ధమాడలేదు. తప్పింది నా కాగితమే. ఒక ఊరికి ఒకరోజు తప్పితే అన్ని ఊళ్లకూ తప్పినట్టే. రాబోయే టీకాల తేదీలు కూడా ఒకరోజు వెనక పడ్డట్టే. డాక్టరు ఊళ్లోకి వచ్చే రోజున గొర్రెలన్నీ గుట్టల మీద ఉంటాయి. మర్నాడు కాపర్లు మందల్ని తోలుకొచ్చి నిలబడితే డాక్టరు ఉండడు.

"అత్తమ్మా!" అని కేకేశాను. ఆమె అప్పుడే పాపను చంకనేసుకొని బయటినుంచి లోపలికొస్తోంది, పెద్ద పని చేసినదానిలా.

"కల్వకుర్తి బస్సు కండక్టరుతోని మా తమ్మునికి కబురు వంపిన. నీ అబద్ధం బైటపడ్డది, లైబ్రరీల రాసి ఉన్నదని చెప్పమన్న."

పాపకు కడుపునిండా పాలిచ్చి, టోపీ పెట్టి, సెంటర్‌కు పరుగెత్తాను.

లైబ్రరీ ఫ్లాపీలో ఒక చిన్న కాగితంలాంటి ఫైలుంది. దాని పేరే ‘నన్ను చదువు’ అని, ఇంగ్లీషులో. వచ్చిన రోజు సగం చదివాను, పాపకు పాల వేళయిందని లేచిపోయాను. మిగతా సగం ఇప్పుడు చదివాను. ఆఖరి పేరాలో ఉంది. ఈ స్ప్రెడ్‌షీటు తయారుచేసినవాళ్లు పందొమ్మిది వందలను లీపు సంవత్సరమే అనుకున్నారట. ఆ ఫిబ్రవరిలో లేని ఇరవై తొమ్మిదో తేదీని కూడా లెక్కలో వేసుకున్నారట. అందరికీ తెలియని సంగతి నాకు తెలిసినందుకే నా లెక్క తప్పింది. తెలియకపోతే సరిగ్గా వచ్చి ఉండేది! లైబ్రరీ అంతా సరిగ్గానే చదివింది, దాని చీటీ చదవనిది నేనే.

ప్రతి అంకెలోంచి ఒకటి తీసేస్తే చాలు. తీసేసి, మళ్లీ అన్నీ ప్రింటు పెట్టాను. ప్రింటరు కరకరమంటుండగా మెట్ల మీద కర్ర చప్పుడైంది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చిన్న మామ గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాలే, పని ఇచ్చిన భాయ్‌నే అడుగుదామని ఆయన్ను తోలుకొచ్చిన అత్తమ్మ, చంకలో పాపతో, ఆయాసపడుతూ.

"ఏడున్నది గా లైబ్రరీ? నా మీద అబద్ధాలు చెప్పేది?"

"కూసో మామా, చాయ్ తాగు" అన్నాడు భాయ్ కుర్చీ జరిపి.

"చాయ్ గీయ్ వద్దు. బస్సు దిగంగనే లైబ్రరీకే పోయిన. గాడ సారును నిలదీసిన. ఎవడయ్యా, నేను శనారం సూదులేపిచ్చిన్నని చెప్పింది అని. ఆయన పాపం కండ్లద్దాలు తీసి నన్ను కింద మీద చూసిండు. గొర్ల పుస్తకాలు గా బీరువల ఉంటయి, సంతకం పెట్టి తీస్కొమ్మన్నడు!"

భాయ్‌కు టీ పొలమారింది. కానీ మామ ఇంకా ముగించలేదు.

"ఇంకో మాట గూడ చెప్పిండు. మీ ఇంటి పిల్ల అసలు ఈడికి రాదన్నడు. ఒక్కనాడు గూడ రాలేదన్నడు."

అత్తమ్మ నా వైపు తిరిగింది. వాకిట్లో పక్కింటామెతో అన్న మాటలన్నీ ఆమె మొఖంలో ఒకదాని వెనక ఒకటి నడిచిపోయాయి. "మరి గిన్నొద్దులు యాడికి పోయినవే?"

"ఇక్కడికే అత్తమ్మా."

"లైబ్రరీ అంటివి?"

మిషన్లోంచి ఫ్లాపీ తీసి చూపించాను. "ఇదే లైబ్రరీ."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. పాప లాక్కొని నోట్లో పెట్టుకోబోయింది. నేను చటుక్కున గుంజుకున్నాను. ఫ్లాపీ గురించా, పాప గురించా అంటే ఇద్దరి గురించీ.

"గీ సబ్బుబిళ్లంతదా? గిండ్ల పుస్తకాలెట్ల పట్టినయే?"

భాయ్ ముందుకొచ్చాడు. "అవ్వా, మీ పొలం కాగితాలు ఉర్దూల ఉంటుండె గద. ఎవరు చదివి చెప్పిండ్రు?"

"మీ అబ్బా."

"గా గొర్ల ఫైలు గూడ గసొంటిదే. మనకు రాదు. గిది చదివి చెప్తది. దీన్నే లైబ్రరీ అంటరు."

అత్తమ్మ భాయ్ వైపు తిరిగింది. "అయితే మీ అబ్బా గూడ లైబ్రరీయేనా?"

"పక్కా లైబ్రరీ అవ్వా. చాయ్ పోస్తెనే తెరుచుకునే లైబ్రరీ."

అంతలో ప్రింటరు ఆ ఊరి కాగితం బయటికి తోసింది. చించి చేతిలోకి తీసుకున్నాను.

"బిగ్గరగ చదువు బిడ్డా" అన్నాడు మామ, కర్ర నేలకు ఆనించి.

చదివాను. ఊరి పేరు, ఆయన పేరు, శుక్రవారం.

"ఇంకోపారి!"

ఇంకోసారి చదివాను. రోడ్డు మీదికి వినిపించేలా.

మామ అక్క వైపు చూశాడు. అత్తమ్మ చిక్కే మనిషి కాదు. నా వైపు చూసింది. "మరి నిన్న శనారమని చెప్పిందెవరు?"

ఆ ప్రశ్నకే నేను పొద్దుటినుంచి భయపడుతున్నాను. భాయ్ కూడా ప్రింటరు వైపు తిరిగిపోయాడు. చెప్పేశాను. పందొమ్మిది వందల సంవత్సరం ఫిబ్రవరి సంగతి, లేని రోజును వాళ్లు లెక్కపెట్టిన సంగతి, నేను చీటీ సగమే చదివిన సంగతి. టోపీ మీది జాజు ముద్ర చూసి పట్టుకున్నానని, పాప తల మీది టోపీని చూపించాను.

మామ ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి చూసుకున్నాడు. అచ్చంగా సరిపోయింది. ఆయన కోపమంతా అక్కడే కారిపోయింది. "గిది నాదే" అన్నాడు మురిసిపోతూ, తప్పిపోయిన గొర్రె దొరికినట్టు.

అత్తమ్మ మాత్రం ఫిబ్రవరి దగ్గరే ఆగిపోయింది. "ఎప్పటి ఫిబ్రవరి?"

"మీ అమ్మ కూడా పుట్టకముందుది అత్తమ్మా."

"గప్పటి తప్పుకు నాతోని తమ్మున్ని తిట్టిస్తివి!"

పని ఖరాబైందా, మంచిగైందా? ఆమె ఎటు చెబితే అటు. సంఘం పెద్దమనిషి అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. మామ ఆయనను చూడగానే కాగితం ఆయన మొఖం ముందు ఆడించాడు. "సూడు, మా పిల్ల ఎంత సక్కగ తీసిందో! నా సూదుల రోజు గూడ తప్పలే!" పెద్దమనిషి తన ఊరి కాగితం వెతుక్కొని వేలితో చదువుకున్నాడు. తల ఊపాడు. కట్ట చంకన పెట్టుకొని, వేరే తాలూకాల ఫ్లాపీలు కూడా ఉన్నాయి, తెస్తానని చెప్పి దిగిపోయాడు.

భాయ్ అత్తమ్మ వైపు చూశాడు. "ఏమంటవు అవ్వా? చెల్లె రావాల్నా వద్దా?"

అత్తమ్మ పాపను ఒక చంకలోంచి మరో చంకలోకి మార్చుకుంది. "పని ఖరాబు కాలే. ఖరాబైతుంటే పట్టుకున్నం."

పట్టుకున్నం అంది. పట్టుకున్నావు అనలేదు.

"నేను మా ఊరి కాగితం అడగకపోతే గవి గట్లనే పోతుండె" అని కూడా కలిపింది. "ఇగనుంచి ఏ కాగితమైనా ముందుగాల ఇంటికి తేవాలె. నాకు చదివి ఇనిపించినంకనే ఇయ్యాలె."

ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఏ ఊరి కాగితం చదివినా ఆమెకు ఆ ఊళ్లో ఒక చుట్టమో ఒక పగో ఉంటుంది, కనుక తప్పులు దాగవు. వాడలో నేను ఇంకా లైబ్రరీకే పోతున్నాను. అసలు సంగతి పక్కింటామెకు చెప్పావా అని ఒకసారి అడిగాను. "ఆమెకెందుకు?" అంది అత్తమ్మ.

కాగితాలు ఇచ్చిన మర్నాడు మధ్యాహ్నం నేను పాప ఉయ్యాల దగ్గర తచ్చాడుతుంటే టిఫిన్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "లైబ్రరీకి టైమైతాంది. పో."

నేను ఉయ్యాల వైపు చూశాను.

"నేను చూస్త తియ్" అంది. "ముక్కు కింద ఏలు వెట్టుడు నాకు తెల్వదా? నీ మొగనికి నేను గడ్డాలొచ్చేదాంక వెట్టిన."